సూది తగలకూడని పాట

పాటకు మొదటి శత్రువు చెవి. ఈ ముక్క ఒప్పుకోలేనివాళ్ళు ఇక్కడే ఆగి పేజీ తిప్పేసుకోవచ్చు.

రికార్డు మీద సూది పెట్టిన ప్రతిసారీ గాడి అరుగుతుంది. అరిగితే గీత పడుతుంది. గీత పడితే గ్రేడ్ పోతుంది. గ్రేడ్ పోయాక అది రికార్డా, అట్లు పోసుకునే పెనమా? ఇన్నేళ్ళూ మన జనం పెళ్ళిళ్ళకూ, తిరునాళ్ళకూ, క్రిస్మస్‌కూ గూబలు పగిలేలా మైకులు కట్టి మరీ రికార్డులు విన్నారు. అడిగేవాడు లేక విన్నారు. ఎవరి పుణ్యమో గానీ ఇప్పుడు ఆన్‌లైన్ వేలం వచ్చింది. దొరికిన రికార్డునల్లా కలెక్టర్లు పాడుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఏసీ గదిలో నిలబెడుతున్నారు. ఇక ఎవరూ వినరు. పాటలు బతికిపోయాయి!

నమ్మకం కలగడం లేదా? అయితే ఎలిశబెతు సంగతి చెప్పుకుందాం. వినండి, ఫరవాలేదు. ఇది అరిగేది కాదు.

ఎలిశబెతుది ఇందుకూరుపేట. తెల్లారేసరికి మైపాడు రేవులో ఉంటుంది. పడవలు దిగిన చేపను అక్కడి వేలంలో పాడుకుని, ఐసు పెట్టెలో వేసుకుని, ఊళ్ళ వెంట తిరిగి అమ్ముతుంది. అరవై దగ్గర పడినా రేవులో ఆమె గొంతు లేస్తే కాకులు కూడా కాసేపు ఆగి చూస్తాయి. ఆ గొంతు వాళ్ళ అమ్మ సుగుణమ్మదేనని పెద్దవాళ్ళు అంటారు. ఎలిశబెతుకు మాత్రం తెలియదు. ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులో సుగుణమ్మ కామెర్లతో పోయింది. అమ్మ మొహం ఫోటోలో ఉంది. గొంతు ఎక్కడా లేదు.

ఎక్కడా లేదనే ఆమె అనుకుంది. అజ్ఞానం!

సుగుణమ్మ చర్చిలో పాడేది. ఒకసారి మద్రాసు నుంచి ఎవరో వచ్చి, ఆమెనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళనూ తీసుకుపోయి, రెండు కీర్తనలు పాడించి చిన్న రికార్డు వేశారు. చర్చికొకటి ఇచ్చారు, పాడినవాళ్ళకొకటి ఇచ్చారు. ఇంట్లోది తుఫాను నీళ్ళకు పోయింది. చర్చిలోది కొత్త మైకు సెట్టు కొన్న ఏడాది పాత సామానుతో పాటు పోయింది. ఎలిశబెతు వెతికీ వెతికీ, విసిగి, వదిలేసింది.

ఇలా ఉండగా ఒకనాడు మేనకోడలు మెర్లిన్ వచ్చింది. ముత్తుకూరులో పోర్టు ఆఫీసులో పనిచేసే పిల్ల. వస్తూనే ఫోను ముందు పెట్టింది.

"అత్తా, ఈ నడిమధ్యలో ఉండేది ఎవరో చెప్పు."

రికార్డు అట్ట మీద తెల్లచీరల్లో ముగ్గురు ఆడవాళ్ళు. ఎలిశబెతు చేపల చెయ్యి పైటకు తుడుచుకుని ఫోను అందుకుంది. రోజూ ఫోటోలో చూసే మొహమే.

"ఏడ దొరికింది మే?"

"వేలంలో పెట్టుండారు. ఆన్‌లైన్లో."

"వేలమా? దానికేం, పాడుకుందాం. వేలం నాకు కొత్తా?"

ఇదీ మన జనం తెగులు. వేలం అంటే అన్నీ ఒకటే అనుకుంటారు.

రేవులో వేలం ఎంత అనాగరికంగా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అక్కడ పాడేవాడి మొహం అందరికీ కనిపిస్తుంది. దొంగ పేర్లు ఉండవు. ఎవడు ఎందుకు కొంటున్నాడో పక్కవాడికి తెలుసు. అన్నిటికన్నా సిగ్గుచేటు ఇంకొకటుంది. అందరూ అమ్మకానికి పాడుతుంటే, మధ్యలో ఎవరైనా "కూరకి" అన్నారనుకోండి. అంటే, ఇది నేను అమ్ముకోవడానికి కాదు, మా ఇంట్లో వండుకోవడానికి అని. అంతే! పెద్ద పెద్ద బేరగాళ్ళు కూడా నోరు మూసుకుని వెనక్కి తగ్గుతారు. చేప ఆ మనిషి బుట్టలో పడుతుంది. నిజంగా కూరకేనా అని ఎవరూ తనిఖీ చెయ్యరు. ఒక్కసారి అబద్ధమాడి అమ్ముకున్నట్టు తెలిస్తే మాత్రం ఇక ఆ మనిషి మాట ఆ రేవులో చెల్లదు. చెప్పండి, ఇలాంటి చోట మార్కెట్ ఎలా ఎదుగుతుంది?

ఇలాంటి రేవులో పెరిగిన మనిషి ఆన్‌లైన్ వేలంలో దిగింది. కొత్త ఐసు పెట్టె కోసం చీటీలో దాచిన డబ్బును గడువుకు ముందే పాడి ఎత్తుకుంది. మెర్లిన్ ఫోను పట్టుకుంటే, ఆమె పక్కన కూర్చుని రేటు చెప్పడం.

మొదటి రెండు రోజులు బాగానే నడిచింది. తర్వాత ఎవరో ఒకడు రేటు ఎక్కించాడు. ఈమె ఎక్కించింది. ఇంకొకడు ఎక్కించాడు. ఒకడికి పేరు బదులు గుడ్లగూబ బొమ్మ, ఇంకొకడికి ఉత్త అంకెలు.

"ఎవరు మే వీళ్ళు? మా అమ్మ వీళ్ళకేమవుద్ది?"

"కలెక్టర్లంట అత్తా."

"కలెక్టర్లా? ఎన్ని జిల్లాలకి?"

"ఆ కలెక్టర్లు గాదు. రికార్డులు పోగేసేవాళ్ళు."

ఎలిశబెతు ఆలోచించింది. పాపం, వాళ్ళకు తెలియక పాడుతున్నారు అనుకుంది. తెలిస్తే మనుషులు ఎందుకు పాడతారు? ఆ పేజీ కింద అందరూ చూసేటట్టు రాసే చోటు ఒకటుంది. మెర్లిన్‌తో అక్కడ రాయించింది.

"అయ్యలారా, నేను ఎలిశబెతును. ఈ పాట పాడింది మా అమ్మ. నాకు కూరకి. అమ్ముకునేదానికి కాదు, వినేదానికి."

"అత్తా, కూరకి అంటే వాళ్ళకేం అర్థమవుద్ది?"

"వేలం పాడేవాళ్ళకి ఆ మాట తెలవకుండా ఉంటదా? రాయి."

రాయించి, నిమ్మళంగా పులుసు పెట్టుకోవడానికి లేచింది.

ఇప్పుడు చూడండి నాగరికత అంటే ఏమిటో. ఆ మాట పడిన గంటలో రేటు రెట్టింపయింది! ఎందుకు కాదు? అప్పటిదాకా అది అసలుదో నకిలీదో అని కొందరికి అనుమానంగా ఉండేది. గాయని కూతురే వచ్చి మా అమ్మది అని రాస్తే ఇంకేం కావాలి? అమ్మేవాడు తెలివైనవాడు. వివరాల్లో కొత్త ముక్క చేర్చాడు: "ఒక్కసారి కూడా సూది తగలని ప్రతి. గాయని కుటుంబమే ధ్రువీకరించింది." నిన్నటిదాకా నిద్రపోతున్న కలెక్టర్లు కూడా లేచి వచ్చారు. ఒక తల్లి కోసం ఒక కూతురు రాసిన రెండు ముక్కలకు లోకం ఇంతగా స్పందించడం రేవులో ఎప్పుడైనా చూశామా? అక్కడైతే అందరూ గమ్మున ఊరుకునేవాళ్ళు.

ఐసు పెట్టె డబ్బు సగం దూరం కూడా పోలేదు. మెడలో ఉన్నది కుదువ పెడతానని లేచింది. మెర్లిన్ పట్టుకుని కూర్చోబెట్టింది. ఆఖరి క్షణాల్లో గుడ్లగూబ బొమ్మవాడు దూకి ఎగరేసుకుపోయాడు.

తీరా మెర్లిన్ అమ్మినవాడి దగ్గర ఆరా తీస్తే గుడ్లగూబ నెల్లూరులోనే ఉంది. పేరు నరేంద్రబాబు. రొయ్యల మేత డీలరు. మంచివాడు. ఈ మాట వెటకారానికి అంటున్నది కాదు. ఎలిశబెతు వెతుక్కుంటూ పోతే గుమ్మంలో నిలబెట్టలేదు, లోపల సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. తర్వాత ఏసీ గది తలుపు తీశాడు. గోడల నిండా రికార్డులు, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డల్లా వరసగా, శుభ్రంగా.

"మీ అమ్మగారిది నాకు చానా ముఖ్యమమ్మా. ఆ కంపెనీ వాళ్ళు వేసినవన్నీ నా దగ్గరుండాయి, ఈ ఒక్క నంబరే తక్కువ. పదేళ్ళు ఎతికినా."

"నేను యాభయ్యేళ్ళు ఎతికినా నాయనా."

"అవునా!" అని నరేంద్రబాబు నిజంగానే సంతోషించాడు. సాటి మనిషి దొరికినందుకు.

"ఒక్కసారి వెయ్యి నాయనా. విని పోతా."

"వేసేదానికి మెషిన్ లేదు గదమ్మా."

"ఇన్ని పళ్ళేలు పెట్టుకొని మెషిన్ లేదా?"

"కావాలనే కొనలేదు. ఉంటే వెయ్యాలనిపిస్తది."

సంయమనం అంటే ఇది. సారాయి మానాలనుకున్నవాడు కూడా ఇంత నిష్ఠగా సీసా దూరం పెట్టడు.

"ఎవరి దగ్గరన్నా తెస్తా. మా పాస్టరు గారి బంధువులకాడ ఒకటుంది. ఫోన్లోకి ఎత్తుకుంటా, ఒక్క తూరి."

"ఎత్తుకోవాలన్నా సూది తగలాల గదా. తగిలిందంటే ఇంక అది సూది తగలని ప్రతి ఎట్టవుతుంది? మీరే చెప్పండి."

ఎవరం మాత్రం ఏం చెప్పగలం? అంత పక్కాగా ఉంది తర్కం.

ఆయన తెల్ల గుడ్డ చేతి తొడుగులు వేసుకుని రికార్డు తీసి దూరం నుంచి చూపించాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. చేపల చేతులని ఆయన అనలేదు. ఆమే కట్టుకుంది.

"ఇంతకీ ఎట్టుంటది, మా అమ్మ పాట?"

"నేను ఇనలేదు గదమ్మా."

వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చి ఆయనే అడిగాడు.

"అవునమ్మా, ఏందో కూరకి అని రాసుండారే. అదేంది?"

ఆమె రేవు పద్ధతి చెప్పింది. నరేంద్రబాబు శ్రద్ధగా విన్నాడు. ఏదైనా అరుదైనది కనిపిస్తే పోగుచేసుకోవడం ఆయన అలవాటు.

"భలే ఉండాదమ్మా. మంచి పద్ధతి," అన్నాడు.

ఆ తర్వాత నెలలు గడిచాయి. ఎలిశబెతు పాత ఐసు పెట్టెకే తాడు కట్టుకుని తిరుగుతోంది. ఐసు పెట్టె డబ్బు ఏమైందంటారా? ముందే పాడినందుకు అందులో కొంత చీటీ నష్టం కింద పోయింది, మిగిలింది కొత్త పెట్టెకు చాలలేదు.

ఒక పొద్దున రేవులో కారు ఆగింది. నరేంద్రబాబు దిగాడు, ఇసకలో బూట్లు కూరుకుపోతుంటే. ఆయన కూతురికి కాన్పయింది. పాలు పడటం లేదు. పాల సొర చేపతో పిట్టు చేసి పెడితే పాలు పడతాయని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబట్టారు. టౌను మార్కెట్ మొత్తం గాలించినా సొర దొరకలేదు. నాలుగు రోజులుగా గాలి బాగాలేక పడవలు సరిగా పోలేదు మరి. ఆ పొద్దున రేవు మొత్తానికి దిగిన పాల సొర ఒక్కటి.

వేలం వేసే పెంచల్ దాన్ని ఇసకలో పరిచాడు. ఎలిశబెతు పాడుతోంది. ఆమెకు దాని మీద ఖాయమైన బేరం ఉంది. నరేంద్రబాబు పాడాడు. ఆమె ఎక్కించింది. ఆయన ఎక్కించాడు. ఆమె తల తిప్పి చూసింది, గుర్తుపట్టింది, మళ్ళీ ఎక్కించింది. పక్కన వెంకటశేషమ్మ, ఆమె కూడా చేపల మనిషే, మోచేత్తో పొడిచింది.

"ఈయనే గదా నీ గుడ్లగూబ? రేటు తోలక్కా. కారు అమ్ముకొని పోవాల ఈయాళ."

నరేంద్రబాబు చుట్టూ చూశాడు. నుదురు తుడుచుకున్నాడు. అప్పుడు ఆయనకు ఒక మాట గుర్తొచ్చింది. పోగుచేసి పెట్టుకున్నదే.

"కూరకమ్మా," అన్నాడు. "మా పాపకి. బాలింత."

చుట్టూ ఉన్న బేరగాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. పెంచల్ ఎలిశబెతు వైపు చూశాడు. రేవులో అందరికీ ఆ రికార్డు కథ తెలుసు. ఆమె పాడినా ఆ రోజు ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు. ఇంకొక్క మాట చాలు, చేప ఆమెది. ఆ చేపను ఎదురు పెట్టి, పోయి ఆ రికార్డు మీద సూది పెట్టు, అప్పుడిస్తా అనొచ్చు. కాస్త లోకజ్ఞానం ఉన్నవాళ్ళెవరైనా అదే చేస్తారు.

ఎలిశబెతు ఇసక వైపు చూసింది.

"ఆయనకెయ్యి పెంచలా," అంది.

"అక్కా!"

"కూరకి అన్నాడు గదా. ఎయ్యి."

చూశారా? అందుకే వీళ్ళు బాగుపడరు. చేతికొచ్చిన చేపను, చేతికొచ్చిన అదనును, ఒక్క మాటకు వదిలేసుకుంటారు. వేలంలో గెలవడమెలాగో ఎదురుగా ఒక పెద్దమనిషి నేర్పించి పోయినా నేర్చుకోరు. వాళ్ళకు తెలిసింది ఒకటే. చేపను పట్టేది తినడానికి, పాట పాడేది వినడానికి. ఇంత మొరటు ఆలోచనతో ఏ దేశం ముందుకు పోయింది?

నరేంద్రబాబు చాలా మర్యాదగా థాంక్స్ చెప్పాడు. సంచీలో ఐసు కూడా ఎలిశబెతే వేసిచ్చింది. ఆయన కారెక్కబోయి ఆగాడు.

"మీ అమ్మగారి రికార్డు బద్రంగా ఉందమ్మా. ఒక్క గీత లేదు."

"సంతోషం నాయనా," అంది ఎలిశబెతు. సంచీ మూతి ముడేసి ఆయన చేతికిచ్చింది. "దీన్ని మాత్రం దాచబాక. ఈ పొద్దే వండించు. ఎవరి నోటికోసం వచ్చిందో వాళ్ళకి అందకపోతే కంపు కొడతది."

నరేంద్రబాబు తల ఊపాడు. బుద్ధిమంతుడు. ఇంటికి పోయి మధ్యాహ్నం లోపలే వండించాడు.

చేప విషయంలో ఆయనకు ఎవరూ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.