ఆదినారాయణప్ప ఇంటి రౌటర్

మారతహళ్ళి చరిత్రలో రెండువేల అయిదో సంవత్సరం సువర్ణాక్షరాలతో లిఖించదగినది. ఆ ఏడాది ఆదినారాయణప్ప ఇంట్లో రౌటర్ వెలసింది!

వెలసింది అనే అనాలి. రాగిచేలో నాలుగంతస్తుల మేడ కట్టి, ‘సాఫ్ట్‌వేర్ వారికి మాత్రమే. ఇంటర్నెట్ కలదు’ అని గేటుకు బోర్డు తగిలించిన ఆ పెద్దమనిషి, దాన్ని హాల్లో దేవుడి పటాల పక్క గూట్లో ప్రతిష్ఠించాడు. అక్కడి నుంచి వాటాలన్నిటికీ తీగలు పాకాయి. లేఔట్ ఇళ్ళ యజమానుల సంఘానికి అధ్యక్షుడు కావాలని ఆయన చిరకాల కోరిక. పోటీదారు ఎదురింటి మునినారాయణప్పకు బోరుంది, బోర్లో నీళ్ళున్నాయి, కాబట్టి మద్దతూ ఉంది. ఆదినారాయణప్పకు జ్ఞానమొక్కటే దిక్కు!

ఆ జ్ఞానాన్ని ప్రసాదించినవాడు రెండో అంతస్తు డానియల్. గుంటూరు కుర్రాడు. నెట్‌వర్క్ ఇంజనీరునని చెప్పి అద్దెకు దిగాడు.

“హబ్ అంటే సార్, వార్డులో నిలబడి ‘రామయ్య ఎవరు?’ అని అరిచి అందర్నీ లేపేసేవాడు. స్విచ్ అలా కాదు. ఏ మంచం మీద ఎవరున్నారో తెలుసుకుని తిన్నగా అక్కడికే వెళ్తుంది. రౌటరేమో ఈ ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి ఏ దారిన పంపాలో చూస్తుంది.”

“మరి ఫైర్‌వాలప్పా?”

“వేళకాని వేళ వచ్చే చుట్టాల్ని గేటు దగ్గరే ఆపేసే వాచ్‌మన్ సార్!”

ఉదాహరణలన్నీ ఆస్పత్రిలోనే ఎందుకు జరుగుతున్నాయన్న అనుమానం ఆదినారాయణప్పకు రాలేదు. అన్నీ కంఠస్థం చేశాడు. రోజూ పొద్దున్నే పెట్టె మీద చెయ్యి వేసి, “ఈ పొద్దు ట్రాఫిక్ జాస్తి ఉండాది” అని ప్రకటించేవాడు.

ఆయుధ పూజకు స్కూటరుతో పాటు రౌటర్‌కూ విభూతి, కుంకుమ, ముంజేతి లావు బంతిపూల దండ పడ్డాయి. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి కనుక దానికీ విశ్రాంతి ఇచ్చారు. దీపావళి దాకా దండ తీయకూడదని ఆయన ఆజ్ఞ.

దీపావళి ముందు ఆదివారం ఎన్నిక. సభ ఆయన హాల్లోనే. ఇళ్ళ యజమానులకు హబ్బు, స్విచ్చు, రౌటరు గురించి గంభీరంగా ఉపన్యసించాడు.

“అంతా సరేనప్పా, పని చేస్తాందా అది?” అన్నాడు మునినారాయణప్ప.

“మా బాడిగెవాళ్ళనే అడుగు!”

“సూపర్ స్పీడ్ అంకుల్!” అన్నాడు మూడో అంతస్తు అభిషేక్. అతనింట్లోనే కాదు, ఆ మేడలో ఏ వాటాలోనూ కంప్యూటర్ లేదు.

“నిన్న రాత్రంతా దీని మీదే పని చేశాను సార్” అన్నాడు డానియల్.

చప్పట్లు మోగాయి. మునినారాయణప్ప దండం పెట్టే నెపంతో వెళ్ళి దండ ఎత్తి చూశాడు. పెట్టెలో ఒక్క దీపమైనా వెలగడం లేదు!

“ఏం చూస్తాండారు?” ఆదినారాయణప్ప భార్య అనసూయ వంటింట్లోంచి వచ్చింది. “ఆ ప్లగ్గులో గ్రైండర్ పెట్టినా. ఆయుధ పూజ నుంచి ఇడ్లీ పిండి దాంతోనే రుబ్బుతాండా.”

ఆదినారాయణప్ప డానియల్ మీదికి లేచాడు. “రాత్రంతా పని చేస్తివా! దేని మీదప్పా?”

“పని నిజమే సార్. కాకపోతే ఆస్పత్రిలో. నేను నర్సుని. సాఫ్ట్‌వేర్ కాదంటే మీరు ఇల్లివ్వరని...”

“అబద్ధమాడి నా ఇంట్లో చేరితివా? ఖాళీ చెయ్!”

“మీరు మాత్రం?” అంది అనసూయ. “దినామూ ట్రాఫిక్ జాస్తి అంటిరే, ఏ ట్రాఫిక్కు?”

ఆదినారాయణప్పకు నిజంగానే సిగ్గేసింది. చెమటలు పట్టి కుర్చీలో కూలబడ్డాడు. డానియల్ పరుగున వెళ్ళి బీపీ మిషన్ తెచ్చి చేతికి పట్టీ చుట్టాడు.

“ఎక్కువగా ఉంది సార్. మాత్రలు మానేశారా?”

మునినారాయణప్ప మెల్లగా చొక్కా చెయ్యి మడిచాడు. “నాదీ ఒకతూరి చూడప్పా.” అతని వెనక యజమానులందరూ బారు తీరారు.

“ఇంట్లోనే నర్సు ఉండాడా నీకు! అదృష్టవంతుడివి” అన్నాడు మునినారాయణప్ప అసూయగా.

ఆదినారాయణప్ప చటుక్కున తేరుకున్నాడు. “మరేమనుకొంటివి? తెలిసే ఇచ్చినా ఇల్లు!”

ఎన్నిక ఏకగ్రీవం. మర్నాడు గేటు బోర్డు మీద ‘సాఫ్ట్‌వేర్ వారికి, నర్సులకు మాత్రమే’ అని కొత్త రంగు పడింది. గ్రైండర్ ప్లగ్గును మాత్రం ఎవరూ కదల్చలేదు.

పొద్దున్నే డానియల్ డ్యూటీ దిగి వచ్చేసరికి అధ్యక్షులవారు గూటి ముందున్నారు. రౌటర్ తీగను రెండు వేళ్ళతో, నాడి చూసినట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

“ఈ పొద్దు ట్రాఫిక్ రవ్వంత తగ్గింది.”

“అవును సార్, నేనూ గమనించాను” అన్నాడు డానియల్.