ఒక్క ఆకూ గేటు దాటదు

ఆదివారం పొద్దున్నే లేచి, ఎండెక్కకముందే ఇంటి ముందున్న అలసంద మొక్కలన్నీ మొదలంటా కోసి మట్టిలో కలిపేయాలని కోడలు నిశ్చయించుకుంది. ముందురోజే కొడవలికి సాన పట్టించింది. పక్కింటివాళ్ళు అడిగి పట్టుకుపోకుండా పారను మంచం కింద దాచింది. పని చకచకా ముగించి, స్నానం చేసి, తీరిగ్గా కాఫీ తాగవచ్చుననుకుంది. పాపం, ఆ కాఫీ తాగేసరికి మధ్యాహ్నమైంది.

ఆ జాగా గురించి ముందు కాస్త చెప్పాలి. ఇల్లు కట్టినవాడు మిగిలిన ఇటుక ముక్కలూ, సున్నం పెళ్ళలూ అక్కడే పోసి, పైన పలచగా మట్టి కప్పి, తాళాలు చేతికిచ్చి చక్కా పోయాడు. కోడలు అందులో గులాబీలు పెడితే ఎండిపోయాయి. పచ్చిక పరిస్తే పాలిపోయి చచ్చింది. మల్లె మొక్కయితే రెండు చిగుళ్ళు కూడా వేయకుండా ఉన్న ఆకులు రాల్చేసింది. అయినా ఆవిడ ఊరుకునే రకం కాదు. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా కళ్ళు పరీక్షించే ఉద్యోగం ఆవిడది. అక్షరాలు కనబడటంలేదని ఎవరైనా అంటే, కనబడేదాకా అద్దాలు మారుస్తూనే ఉంటుంది. మట్టితోనూ అదే మొండితనం చూపించింది.

ఆవిడ భర్త టైల్స్ షాపులో మేనేజరు. కాస్త మట్టి కనబడితే చాలు, దానిమీద ఏదో ఒకటి పరిచేస్తేగానీ నిద్రపట్టని మనుషులు కొందరుంటారు. ఈయన వాళ్ళందరికీ పెద్దన్నయ్య. షాపులో అమ్ముడుపోని బూడిదరంగు టైల్స్ ఆ జాగాలో పరిపించి, వీధిలో ఎండకు మాడుతున్న కారును లోపలికి తెచ్చుకోవాలని ఆయన ఆశ. ఎండాకాలంలోగా అక్కడ పచ్చగా ఏదీ బతకకపోతే టైల్స్ వేయించేస్తానని ఆయనా, బతికించి చూపిస్తానని ఆవిడా భోజనాల బల్ల దగ్గర పంతం పట్టారు.

విత్తనాల కొట్టు యజమాని ఆవిడకో దారి చెప్పాడు. ముందు మొక్క సంగతి మరిచిపోయి నేలకు తిండి పెట్టమన్నాడు. అలసందల్లాంటి మొక్కల వేళ్ళకు చిన్నచిన్న బుడిపెలుంటాయనీ, అవి గాలిలోని నత్రజనిని పట్టి దాచుకుంటాయనీ, పూత రాగానే కోసి మట్టిలో కలిపేస్తే ఆ సత్తువంతా నేలదేననీ చెప్పాడు. కాయలు కాయనిస్తే సత్తువంతా గింజలు మింగేస్తాయట. ఇక గేటు నుంచి గుమ్మందాకా పచ్చిక బదులు క్లోవర్ చల్లమన్నాడు. అదీ ఆ జాతిదే. మూడేసి ఆకులతో నేలనంటుకుని పాకుతుంది, తొక్కినా ఏమీ అనుకోదు. ఆవిడ అలాగే చేసింది. ఏళ్ళ తరబడి బోడిగుండులా ఉన్న నేలమీద మోకాలెత్తు పచ్చదనం లేచింది.

లేవగానే అది అత్తగారి కంట్లో పడింది. అత్తగారు ఈ వీధికి వచ్చినప్పటి నుంచీ ఆవిడతో మాట్లాడిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే, పోయేవాళ్ళు ఆగి ఏమిటండీ ఈ మొక్కలని అడగసాగారు. అలసందలని చెప్పి, కాయలు రాగానే మీకూ పంపిస్తానని ప్రతివాళ్ళకూ మాటిచ్చింది. పక్కింటి టైలరమ్మకు మాటిచ్చింది. ఎదురింటి ట్యూషన్ మాస్టారికి మాటిచ్చింది. పాలప్యాకెట్లు వేసే మనిషినీ వదల్లేదు. కాయలు కోయబోవడంలేదని కోడలు మొదట్లోనే చెప్పింది. అప్పుడు అత్తగారు చెల్లెలితో ఫోన్లో ఉంది.

మాట పుచ్చుకున్నవాళ్ళు ఊరికే ఉంటారా? టైలరమ్మ గుడ్డపీలికలు తెచ్చి, వాలిన మొక్కలకు పుల్లలు పాతి కట్టింది. మాస్టారు తన ఇంటి పైపు ఇవతలికి వేసి నీళ్ళు పట్టాడు. పోనుపోను ఆ మొక్కల మీద కోడలికన్నా వీధికే హక్కు ఎక్కువైంది. పొద్దున్నే షాపుకు పోయి చీకటిపడ్డాక వచ్చే ఆవిడ ఈ ముచ్చటంతా చూసి, మంచి ఇరుగుపొరుగు దొరికారని సంతోషించింది.

శనివారం భోజనాల దగ్గర ఆవిడ భర్తతో అంది. "రేపు పొద్దున్న ఆ మొక్కలన్నీ తీసేస్తున్నానండీ."

ఆయన నోట్లో ముద్ద అలాగే ఆగింది. ఇంత తేలిగ్గా భార్య ఓడిపోతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఎందుకని అడిగితే మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని భయం. అలాగేలే అని చేయి కడుక్కుని, మేడమీదకు పోయి, గొంతు తగ్గించి మేస్త్రీకి ఫోను చేశాడు. పారలూ పలుగులూ, ఇద్దరు కూలీలతో సహా తెల్లారేసరికి రమ్మన్నాడు.

తెల్లారింది. కోడలు కొంగు బిగించి కొడవలితో బయటికి వచ్చేసరికి గేటు ముందు ఇసుక కుప్ప ఉంది. కుప్ప పక్కన టైల్స్ పెట్టెలున్నాయి. పెట్టెల మీద కూర్చుని మేస్త్రీ పళ్ళు తోముకుంటున్నాడు. ఇదేమిటని ఆవిడ అడగబోయేలోగా వెనకనుంచి అత్తగారు కొడవలిని చూసింది.

"పూత మీదున్న మొక్కని కోస్తావా అమ్మాయ్? నీకు చేతులెలా వస్తున్నాయి?"

"ఇప్పుడే కోయాలత్తయ్యా. కాయొస్తే ఇన్నాళ్ళ కష్టం దండగ."

కాయ కాస్తే కష్టం దండగయ్యే లోకం అత్తగారు ఎక్కడా చూడలేదు. గోడ దగ్గరికి పోయి టైలరమ్మను పిలిచింది. టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చి మాస్టారిని కేకేసింది. ఆయన సగం గీసిన గడ్డంతో వచ్చాడు. ఆయన వెనక మాట పుచ్చుకున్న ఇళ్ళన్నీ కదిలాయి. వచ్చినవాళ్ళకు ఇసుక, టైల్స్, మేస్త్రీ, కొడవలి వరసగా కనబడ్డాయి. ఇది మేనేజరు గారి పనేనని అందరికీ అర్థమైపోయింది. అప్పుడే ఆయన నవ్వుమొహంతో గుమ్మంలోకి వచ్చాడు.

"నన్నంటారేమిటి? తీసేస్తానని తనే చెప్పింది. టైల్స్‌కి తనే ఒప్పుకుంది," అన్నాడు.

కోడలు నడుం నిటారు చేసింది. ఆ చూపుకు మేస్త్రీ పళ్ళు తోమడం ఆపాడు.

"అందరూ వినండి. ఈ నేలమీద ఒక్క మొక్క మిగలదు, ఒక్క టైలూ పడదు."

వీధికి మొదటి మాట నచ్చలేదు. మొగుడికి రెండోది నచ్చలేదు. అంతమందిలో ఆవిడ వైపు నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. అయితేనేం, ఆవిడ వంగి మొదటి గుబురు కోసి అక్కడే పడేసింది.

దాంతో టైలరమ్మ మొక్కల మధ్యకు పోయి చతికిలబడింది. ముందు తనను కోయమంది. ఆవిడకు తోడుగా ఇద్దరు దిగారు. ఇదే అదననుకుని మేనేజరు గారు పని మొదలుపెట్టమని మేస్త్రీకి సైగ చేశాడు. మేస్త్రీ లోపలికి రాబోతే మాస్టారు అడ్డం పోయాడు. తడిసిన క్లోవర్ మీద ఆయన చెప్పు జారింది. పడిపోతూ మేస్త్రీ చొక్కా పట్టుకున్నాడు, మేస్త్రీ మేనేజరు గారి చేయి పట్టుకున్నాడు, ముగ్గురూ కలిసి అలసందల్లో పడ్డారు. వాళ్ళను లేపడానికి కొందరు, లేపేవాళ్ళను ఆపడానికి కొందరు దిగారు. మొక్కల్ని కాపాడటానికి వచ్చినవాళ్ళంతా మొక్కల మీదే నిలబడి కొట్లాడుకున్నారు. ఎవరో కనీసం ఆకైనా దక్కించుకుందామని ఒక మోపెత్తుకుని గేటు వైపు నడిచారు. కోడలు గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఒక్క ఆకూ గేటు దాటదు. ఎక్కడ తీశారో అక్కడే పడేయండి."

ఆ గొంతుకు అందరూ ఆగి కిందికి చూశారు. నిలబడ్డ మొక్క ఒక్కటీ లేదు. కాడలన్నీ నలిగి మట్టిలోకి దిగిపోయాయి. అత్తగారు కుర్చీలో కూలబడి కళ్ళొత్తుకుంది.

"నోరారా మాటిచ్చానే అందరికీ. రేపట్నుంచి ఈ గేటు దగ్గర ఎవరాగుతారు నాకోసం?"

కోడలు అత్తగారి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ నేల బాగోగులు చూసుకుందిగానీ, దాని అంచున కుర్చీలో కూర్చున్న మనిషిని ఆవిడ సరిగా చూడలేదు. వంగి ఒక మొక్కను వేళ్ళతో సహా పెకలించి, మట్టి దులిపి, అత్తగారి అరచేతిలో పెట్టింది. వేళ్ళ నిండా ఆవగింజలంత, కొన్ని మిరియాలంత బుడిపెలున్నాయి. ఒకదాన్ని గోరుతో చిదిపింది.

"లోపల రంగు కనబడుతోందా?"

"గులాబీ రంగు," అంది అత్తగారు.

"గులాబీగానో ఎర్రగానో ఉంటే వేరు పని చేస్తున్నట్టు. ఇన్నాళ్ళూ ఇది సంపాదించిందంతా ఇక్కడే ఉంది. ఇందులో టమాటా నాటుదాం. మీరిచ్చిన మాట నేను పోనివ్వను. కాయల బదులు పళ్ళిద్దాం."

మాస్టారూ చూశాడు. ఆయనకేమీ కనబడలేదు. సోమవారం షాపుకొచ్చి కళ్ళు చూపించుకోమని కోడలు ఆయనకు చెప్పింది.

అప్పుడు మేస్త్రీ జుట్టులోంచి ఆకులు తీసుకుంటూ, "టైల్స్ సంగతేంటి సార్?" అని అడిగాడు.

వీధి మొత్తం మేనేజరు గారి వైపు తిరిగింది. ఆయన తల్లి వైపు తిరిగాడు. ఆవిడ కన్నీళ్ళు అప్పటికే ఆరిపోయాయి.

"నా మాట పోయేలా చేశావంటే, నీ కారు తీసుకెళ్ళి నీ షాపులో పెట్టుకో," అంది.

ఆయన మొహం మాడ్చుకుని, టైల్స్ వద్దన్నట్టు చేయి ఊపాడు. పిలిచిన మనుషుల్ని వట్టిచేతులతో పంపడం మర్యాద కాదని కోడలు గుర్తుచేసింది. మొక్కల్ని తొక్కే పని వీధి చేసిపెట్టింది. మట్టి తిరగేసే పని మేస్త్రీ, కూలీలు మొదలుపెట్టారు. మేనేజరు గారు తెప్పించిన పలుగులతో, ఆయన మాట్లాడిన కూలీతో ఆ పచ్చదనమంతా నేలలో కలిసిపోయింది. కోడలు గట్టుమీద కూర్చుని, కాళ్ళు క్లోవర్ మీద చాపి, కాఫీ తాగింది.

కొన్ని వారాలకు ఆ మట్టి నల్లబడి, పారకు వానపాములు తగలసాగాయి. టమాటా నారు ఒక్క మొక్క కూడా వాడకుండా నిలబడింది. గేటు దగ్గర కుర్చీకి ఎదురుగా టైలరమ్మ ఇంకో కుర్చీ తెచ్చి వేసుకుంది. తొలికాపు ఎవరి తర్వాత ఎవరికి ఇవ్వాలో అత్తగారు అప్పుడే అందరికీ చెప్పేసింది.

ఆ వరసలో కొడుకు వంతు మేస్త్రీ తర్వాత వస్తుంది.