రెండు సిద్ధాంతాలు, ఒక వాగు

ప్రజాధనంలో ఒక్క పైసా కూడా వృథా కానివ్వనని మాజీ మంత్రి బసవప్పగారు శక్తినగర్ మైదానంలో జరిగిన ఎన్నికల సభలో ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞ చేయడానికి హెలికాప్టర్‌లో వచ్చారు. వారిది పొదుపు పార్టీ. మంత్రిగా ఉండగా అప్పు తెచ్చి మరీ పొదుపు భవన్, పొదుపు స్తూపం, ఏసీ గదులతో పొదుపు అతిథి గృహం కట్టించిన మహానుభావులు.

వారు కన్నడంలో మాట్లాడతారు. థర్మల్ ప్లాంటులో ఉద్యోగాలకని ఆంధ్రా నుంచి వచ్చిన మా క్వార్టర్ల జనం కోసం ప్రతి సభలోనూ తెలుగులో చెప్పేది నేను. నా కన్నడం కంపెనీ బస్సులో నేర్చుకున్నది. అర్థం కానిచోట సొంతంగా కలుపుతాను. అందుకే నా అనువాదం అసలు ఉపన్యాసం కంటే బాగుంటుందని పేరు. ఆ పేరు తెచ్చింది కూడా నేనే, అందరికీ చెప్పి.

ఆ రోజు ముందు వరసలో సుంకమ్మ కూర్చుంది. మా క్వార్టర్లలో జొన్నరొట్టెలు అమ్ముతుంది. వాళ్ళ ఊరు వాగు అవతల. వానాకాలం వాగు పొంగితే ఇవతలి ఆసుపత్రికి రావడానికి దారి ఉండదు. కూతురు శిల్ప కడుపుతో ఉంది. సుంకమ్మ ముఖం చూస్తే నాకు జాలేసింది. బసవప్పగారు ఖర్చులు తగ్గించాలంటుండగా, "మీ వాగు మీద బ్రిడ్జి వేయిస్తాను" అనేశాను. చప్పట్లు దద్దరిల్లాయి. పొదుపుకు ఇంత ఆదరణా అని బసవప్పగారి కళ్ళు చెమర్చాయి.

మర్నాడు అదే మైదానంలో విరూపాక్షగారి సభ. వారిది పేదల పార్టీ. వారి హయాంలో పేదల కోసం వచ్చిన నిధులు వచ్చినట్టే బెంగళూరుకు తిరిగి వెళ్ళాయి. గిట్టనివాళ్ళు లెక్కలు తీసి, పొదుపు చేసింది ఈయన, ఖర్చు చేసింది ఆయన అంటారు. లెక్కలు చూసేవాళ్ళకు సిద్ధాంతాలు అర్థం కావు. నాకు అర్థమవుతాయి కాబట్టి లెక్కలు చూడను.

విరూపాక్షగారికి తెలుగు వచ్చు, స్టేజీ ఎక్కితే మాత్రం రాదు. ఎక్కకముందే సుంకమ్మ ఆయన్ను పట్టుకుంది.

"సారూ, పైసలుండంగ మాకు బ్రిడ్జి ఎందుకు కట్టియ్యలే?"

"ఖజానా ఎవరిదమ్మా?"

"మాదే అంటిరి గద."

"మరి మీ సొమ్ము మీద నేను చెయ్యి వేస్తానా?"

ఆ నిజాయితీకి నా ఒళ్ళు పులకరించింది. సుంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అందుకని ఆయన ఉపన్యాసంలోనూ బ్రిడ్జి వేశాను, ఈసారి తారు రోడ్డుతో సహా.

ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. సిద్ధాంతాలు కలవని ఇద్దరూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశారు.

వానలు మొదలైన రోజే సుంకమ్మ నిండు నెలల శిల్పను వెంటబెట్టుకుని, చాపా బిందెతో మా రెండు గదుల క్వార్టర్‌కు వచ్చింది.

"ఏంటి సుంకమ్మా ఇది?"

"వాగు పొంగేటట్లుంది సారూ. పురుడయ్యేదాంక ఈడనే ఉంటం."

"నాయకుల్ని అడగాలి గానీ నన్నా?"

"నాకు కన్నడ రాదనుకుంటివా? ఇద్దరి మాటలు ఇన్న. ఇద్దర్ల ఒక్కరు గూడ బ్రిడ్జి అనలే. అన్నది నువ్వు."

మా ఆవిడ కిరణ్మయి నన్ను ఎగాదిగా చూసింది. "వంటింట్లో కుళాయి బాగుచేయించండని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. తమరు బ్రిడ్జి వేయిస్తామన్నారా?"

శిల్పకు మంచం, నాకు వరండా దక్కాయి. వారం తిరక్కుండా టౌన్‌షిప్ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నిజంగా సంతోషించాను, వరండాలోనే.

తరువాత కొత్త ప్రభుత్వం విజయోత్సవ సభ పెట్టింది. బ్రిడ్జి లేకుండానే పురుడు పోయించి ప్రజాధనం ఆదా చేశామన్నారు బసవప్పగారు. నిరుపేద బాలింతకు టౌన్‌షిప్‌లో నివాసం కల్పించామన్నారు విరూపాక్షగారు. పసిబిడ్డను ఎత్తుకుని ముందు వరసలో నిలబడిన సుంకమ్మ నా నోటివంకే చూస్తోంది. నేను ఇద్దరి మాటలూ పొల్లుపోకుండా తెలుగులో చెప్పి స్టేజీ దిగాను.

సుంకమ్మ ఎదురొచ్చింది. "ఏంది సారూ, ఈసారి బ్రిడ్జి అనకపోతివి? వాగు అవతల యంకవ్వ కోడలికి నెలలు నిండినయ్."

"ఈసారి అనువాదం సరిగ్గా చేశాను, సుంకమ్మా" అన్నాను.