కునుకు మామ అర

యంత్రయుగంలో మానవజాతి సాధించిన విజయాలన్నిటిలోకీ గొప్పది, చేతికందే బోల్టును పద్నాలుగు అంకెల దూరంలో పెట్టడం. ఆ విజయం తమ ట్రాక్టర్ల షాపు గుమ్మమెక్కిన రోజు పెద్దమ్మాయికి ఇప్పటికీ బాగా గుర్తు.

అంతకుముందు వాళ్ల విడిభాగాల గదికి ఒకటే చట్టం. ఏ భాగాన్ని మొదట ఎవరు పాడుచేస్తే ఆ అరకు వాళ్ల పేరు. రివర్సు గేరులో మూడు గోడలు కూల్చిన 'వెనకచూపు బాబాయి' అరలో వెనక లైట్లు. క్లచ్ మీద కాలు మోపి నిద్రపోయే 'కునుకు మామ' అరలో క్లచ్ ప్లేట్లు. (అర దక్కుతుందని కావాలనే విరగ్గొట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నాన్న అర ఇవ్వలేదు, అరుపులిచ్చాడు.)

ఒకనాడు కంపెనీ వారి విడిభాగ క్రమశిక్షణాధికారి టై సర్దుకుంటూ దిగాడు. పరీక్ష తప్పితే తాత పెట్టిన షాపు బోర్డు దించేయడమే.

"క్లచ్ ప్లేటు. మూడు నిమిషాల టైము," అన్నాడు గడియారం చూస్తూ.

"అమ్మాయ్, కునుకు మామ!" అని కేకేశాడు నాన్న.

పదకొండు సెకన్లలో ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టిందామె.

అధికారి రాసుకున్నాడు: 'భాగం దొరికింది. పద్ధతి దొరకలేదు. ఫెయిల్.'

"దొరికింది కదండీ!"

"దొరకడం కాదమ్మా, వెతకడం ముఖ్యం."

"చేను సగం దున్ని పరిగెత్తుకొస్తారయ్యా మావాళ్లు. వెతికే తీరికెక్కడిది?" అన్నాడు నాన్న.

"తీరిక లేకపోతే దానికి వేరే ఫారం ఉందండి."

నెల గడువిచ్చాడు. పెద్దమ్మాయి అరల మీది పేర్లన్నీ పీకి పద్నాలుగేసి అంకెలు అతికించింది. నాన్నే నిచ్చెన పట్టుకున్నాడు. "కునుకు మామ చీటీ మెల్లిగా పీకవే, నిద్ర లేస్తాడు," అని దాన్ని మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

రెండో పరీక్షలో నూటికి నూరు. బోర్డు నిలిచింది. ఏ అరలో ఏముందో నాన్నకు తెలియకుండా పోయింది, అంతే.

వారం తిరక్కుండా కునుకు మామే ఊడిపడ్డాడు. "బావా, క్లచ్ పోయింది! చేను సగంలో ఉంది. నా అర తియ్యి."

"టోకెన్ లేనిదే గది తాళం తెరుచుకోదు మామయ్యా," అంది పెద్దమ్మాయి కంప్యూటర్ వెనకనుంచి.

"నా అరకు నాకే టోకెనా?"

"ఉండు బావా, నేను తీస్తా," అంటూ నాన్న గుమ్మం పక్కన కంపెనీవాళ్లు కొత్తగా పెట్టిన టోకెన్ మిషను దగ్గరికి నడిచాడు.

'మీరెవరు?' అని అడిగింది మిషను. కొనుగోలుదారు, మెకానిక్, తనిఖీ అధికారి, ఇతరులు.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. పెద్దమ్మాయి తల దించుకుని కీబోర్డు వైపు చూసింది.

ఆయన 'ఇతరులు' నొక్కాడు. చీటీ వచ్చింది.

'మీ ముందు ఎవరూ లేరు. దయచేసి వేచి ఉండండి.'