అడగని పరీక్ష

ఆ ఉదయం టెస్టరు అనుకున్నది చిన్న పని. ఒక పరీక్ష నడిపి, మధ్యాహ్నానికల్లా భార్యతో అద్దెయిల్లు చూడటానికి వెళ్లాలి. ఆఫీసులో అతను "సరిగ్గా ఉంది" అంటే ఆ మాటకు తిరుగు లేదు. అతని ఆస్తి అదొక్కటే.

బావమరిదిదీ అదే ఆఫీసు. రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే కంపైలరు అతని పని. అతనికో అనుమానం. నాలుగు అంకెలు కలిసి ఉండే వెక్టరు, మెమరీలో పదహారుతో భాగిస్తే శేషం రాని అడ్రసులోనే మొదలవ్వాలి. ఫంక్షను అనే చిన్న ప్రోగ్రాము ముక్కను కంపైలరు పెద్దదానిలో కలిపేసినప్పుడు ఆ అడ్రసు జరుగుతోందేమో చూడమని బావను బతిమాలుతున్నాడు.

టెస్టరు చూశాడు. "సరిగ్గా ఉంది" అని తెర మీద పడింది. అక్కడితో ఊరుకుంటే పోయేది.

"నీ నీడ చూసి నువ్వే జడుసుకుంటావేంట్రా," అన్నాడు అందరి ముందూ. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మేనేజరు కంపైలరును కస్టమరుకు పంపేశాడు.

కాసేపటికే కస్టమరు ప్రోగ్రాము కుప్పకూలింది. టెస్టరు తొణకలేదు. తప్పు వాళ్ల యంత్రానిదేనని చెప్పించాడు. వాళ్లకు ఒళ్లు మండింది. మేనేజరు మీటింగు పెట్టి, వాళ్లను వీడియోలో కూర్చోబెట్టాడు.

తన పరీక్ష ఎంత గట్టిదో చూపిద్దామని టెస్టరు కావాలనే వెక్టరును ఒక్క బైటు పక్కకు జరిపాడు. "సరిగ్గా ఉంది" అంది తెర. ఇంకాస్త జరిపాడు. "సరిగ్గా ఉంది." తప్పని చెప్పాల్సిన చోట కూడా అదే మాట. తన తెరకు అడ్డంగా నిలబడ్డాడు. గోడ మీద పెద్ద తెర ఉన్న సంగతి మరిచాడు.

బావమరిది దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వెక్టరు సరైన చోటే ఉంటుందని పరీక్ష మొదట్లో నువ్వే రాసిచ్చావు బావా. నీ చెకింగు ఫంక్షన్ని కూడా కంపైలరు కలిపేసుకుంది. నువ్వు మాటిచ్చాక మళ్లీ అడగడం దేనికని, ప్రశ్న తీసేసి జవాబు తనే రాసేసింది."

"అయితే ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్లూ నువ్వు దేన్నీ చూడలేదు."

"ఆ ముక్క మెల్లగా చెప్పొచ్చుగా."

"మెల్లగానే చెప్పాను. మైకు ఆన్‌లో ఉంది బావా."

టెస్టరు నిలబడి కస్టమరుకు క్షమాపణ చెప్పుకున్నాడు. కంపైలరులో తప్పు తనదేనని బావమరిది ఎవరూ అడక్కుండానే ఒప్పుకుని, దిద్దడానికి కూర్చున్నాడు. అది ఇంకా గుచ్చుకుంది. ఇకమీదట బావ పరీక్షలన్నీ బావమరిదే పరీక్షిస్తాడని మేనేజరు చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండునని టెస్టరుకు అనిపించింది.

మెట్ల మలుపులో తలదాచుకుంటే ఫోను మోగింది. ఇల్లు ఇంకెవరో అడుగుతున్నారని, బయల్దేరారా అని భార్య అడిగింది.

"దారిలోనే ఉన్నా," అన్నాడు.

మాటిస్తే నమ్మేయడానికి ఆవిడ కంపైలరు కాదు. వీడియో ఆన్ చెయ్యమంది.