అర్జెంటు బండిలో నులక మంచం

"ఎక్కుతది. అడ్డం ఎక్కకుంటే నిలువు పెట్టు," అంది సాలవ్వ నాలుగోసారి.

"ఎక్కుతదా లేదా అని కాదు అత్తమ్మా. ఇది అర్జెంటు బండి, మంచాల బండి కాదు," అంది కృపారాణి. అదీ నాలుగోసారే.

ఎల్లారెడ్డిలోని ఆ ఇంట్లో ఈ లొల్లి పొద్దున పళ్లు తోముకునే వేళకు మొదలై, చాయ్ తాగేటప్పుడు సాగి, ఏడున్నరకు ట్రాలీ ఆటో దాకా వచ్చింది. మంచం కొత్తది. రోజంతా బీడీలు చుట్టిన చేతులతోనే సాలవ్వ సాయంత్రాలు కూర్చుని నులక అల్లింది. అది లింగంపేటలో ఉన్న కూతురు ఎస్తేర్‌కు చేరాలి. లింగంపేట కామారెడ్డికి పోయే దారిలోనే ఉంది. కోడలు కామారెడ్డికి పోతోంది. సాలవ్వకు ఇందులో ఆలోచించాల్సింది ఏమీ కనిపించలేదు.

"ఎట్లాగూ పోతున్నవ్ గదా!" అంది.

ఈ మూడు మాటలు వింటే కృపారాణికి ఒళ్లు మండుతుంది. రెండేళ్లుగా ఆ బండి మీదే ఆమె బతుకుతెరువు. మిగతా ట్రాలీల వాళ్లు అడ్డా మీద నిలబడి నిండు లోడు కోసం చూస్తారు. ఆమె పద్ధతి వేరు. ఫోన్ రాగానే ఒక్కతే బయల్దేరుతుంది. ఒకటే సరుకు, ఒకటే చోటు, మధ్యలో ఎక్కడా ఆగదు. ఆగిపోయిన మిల్లుకు బెల్టు, కాలిపోయిన బోరుకు మోటారు, ఇలాంటివే ఆమె లోడ్లు. నిన్న కామారెడ్డిలో వరికోత మిషన్ల సామాన్ల దుకాణం నడిపే దేవరాజ్ ఫోన్ చేశాడు. లింగంపేట దాటకముందే, కామారెడ్డి వైపున ఒక పొలంలో మిషన్ ఆగిపోయింది. తుఫాను మబ్బు పట్టి ఉంది. గేర్ బాక్సు ఈరోజు మధ్యాహ్నం పన్నెండు లోపల చేరితే, ఈ సీజనంతా తన అర్జెంటు లోడ్లు ఆమెకేనట. చేరకపోతే వేరే బండి చూసుకుంటాడట. బండి ఎక్కడుందో తన ఫోనులో తనకు కనిపిస్తూ ఉండాలని కూడా అన్నాడు.

అదే రోడ్డున ఆమె మొగుడు సంపత్ కూడా దినమూ మోటార్ సైకిల్ మీద కామారెడ్డికి పోతాడు. అక్కడి ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమస్తా. ఆరేళ్లలో ఎవరూ అతని చేతికి తొక్కు డబ్బా కూడా ఇవ్వలేదు. "వాడు డ్యూటీకి పోతుండు," అంటుంది సాలవ్వ గౌరవంగా.

"పోయేటప్పుడు ఖాళీనే గదా కృపా. ఎక్కించుకపో," అన్నాడు సంపత్ బూట్లు తుడుచుకుంటూ.

"ఎక్కించుకపోత. నువ్వు జర ఈ ఫోన్ల నా లొకేషన్ దేవరాజ్ సేటుకు పంపు," అని ఫోను అతని చేతిలో పెట్టి, ఆమె మంచాన్ని ఎత్తి తాడు కట్టింది.

సంపత్ పంపాడు. ఏ పని చేసినా నలుగురికి తెలిసేలా చేయడం అతని అలవాటు. అందుకని 'యాకూబు పరివారం' అనే వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. యాకూబు అంటే సంపత్ తండ్రి. ఆ గ్రూపులో నలభై ఆరుగురున్నారు. సగం మంది ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ మధ్య రోడ్డు పక్క ఊళ్లలోనే ఉంటారు.

లింగంపేటలో ఎస్తేర్ ఇంటికి తాళం వేసి ఉంది. దవాఖానకు పోయిందని పక్కింటామె చెప్పింది. మంచాన్ని వాకిట్లో వదిలేస్తే అత్తమ్మ జన్మంతా అంటుంది. కృపారాణి పళ్లు కొరుక్కుని మంచంతో సహా కామారెడ్డి చేరింది.

దేవరాజ్ గేర్ బాక్సు ఎక్కించబోతూ ఆగాడు. "ఇదేందమ్మా?"

"మంచం."

"అది కనిపిస్తనే ఉన్నది. అర్జెంటు బండిల మంచం ఎందుకు?"

ఆమె నులకను చేత్తో తట్టింది. "సామాను కదలకుండ పెడతం సేటూ," అంది. దేవరాజ్ నమ్మలేదు. అయినా డెబ్బై కిలోల గేర్ బాక్సును నులక మీదే పెట్టించాడు. "నడుమ ఆగినవంటే నాకు ఇక్కడ కనిపిస్తది, యాదికుంచుకో," అన్నాడు.

పదీ ఇరవైకి బయల్దేరింది. తాడ్వాయి దగ్గర రోడ్డు నడుమ ఒక మనిషి చేతులు చాచి నిలబడి ఉంది. హారన్ కొట్టినా కదలలేదు. దగ్గరికి పోతే చిన్నవ్వ, సాలవ్వ చెల్లెలు. కాళ్ల దగ్గర మక్కల సంచి ఉంది.

"గింత ఆలస్యమా? నీ చుక్క వస్తున్నదని అర్ధగంట సంది రోడ్డు మీద నిలబడ్డ!"

"నా చుక్కేంది?"

"గ్రూపుల వెట్టిండు గదా మా సంపతు! మా మనవరాలు ఫోన్ల మ్యాపు మీద చూపెట్టింది. నువ్వు కామారెడ్డి నుంచి తిరిగినవ్, నేను సంచి మూతి కట్టిన," అంటూ చిన్నవ్వ సంచిని వెనక వేయించి, తాను ముందు ఎక్కి కూర్చుంది. "అక్కను చూసి మస్తు రోజులయింది. ఎట్లాగూ పోతున్నవ్ గదా."

దేవరాజ్ ఫోన్. "ఎందుకు ఆగినవ్?"

"రోడ్డు మీద వడ్లు పోసిండ్రు సేటూ," అంది కృపారాణి. పోయలేదు.

మూడు కిలోమీటర్లు పోయిందో లేదో, మైసన్న కనిపించాడు. సంపత్‌కు మేనమామ. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మేకపోతు. "మీ మామ పెంచుకుంటనన్నడు," అంటూ ఆమె వద్దనేలోపే దాన్ని బండిలోకి ఎత్తి, మంచం కోడుకు కట్టేశాడు.

"మామయ్యా, అర్జెంటు లోడున్నది!"

"మేక సుత అర్జెంటే. మా కందిచేను సగం మేసింది."

దేవరాజ్ మళ్లీ ఫోన్. "ఇప్పుడేమయింది?"

"వడ్లే సేటూ."

"ఊరూరికి ఆగుతున్నవ్. బస్సు నడుపుతున్నవా, లోడు తెస్తున్నవా?" అని పెట్టేశాడు.

అబద్ధానికి శిక్షలా, అడవి మలుపు దాటి కల్వర్టు దగ్గరికి రాగానే రోడ్డు మీద నిజంగానే వడ్లు పోసి ఉన్నాయి. సగం రోడ్డు పొడవునా ఆరబోశారు. కృపారాణి బండిని నెమ్మది చేసింది. మేకపోతు అదే అదను చూసుకుని ముడి విప్పుకుని దూకి, వడ్ల కుప్ప మధ్యలో నిలబడి భోజనం మొదలుపెట్టింది.

కాపలా ఉన్న ఆమె కట్టె తీసుకుని వచ్చింది. "ఎవలదీ మేక?"

"మాదే. గింత తింటే తరుగుతదా నీ కుప్ప?" అని చిన్నవ్వ బండి దిగింది. ఆ తర్వాత ఇద్దరూ మేకను మరిచిపోయారు. పాత చుట్టరికాలు, ఎవరి పెళ్లిలో ఎవరికి కూర వడ్డించలేదో అన్నీ బయటికి వచ్చాయి. కృపారాణి ఒక్కతే మేక వెంట కల్వర్టు కిందికీ పైకీ పరుగెత్తింది. పట్టుకుని కట్టేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఫోన్ చూసుకుంటే సిగ్నల్ లేదు. పోనీలే, దేవరాజ్ తిట్లు వినపడవు అనుకుంది.

కాని ఆమె చుక్క గ్రూపులో ఆ కల్వర్టు దగ్గరే ఆగిపోయింది. ఫోన్ చేస్తే కలవడం లేదు. కామారెడ్డిలో కుర్చీలో కూర్చున్న సంపత్ గ్రూపులో పెట్టాడు: "కృప బండి కల్వర్టు కాడ కదుల్తలేదు. అందరు ప్రార్థన చేయుండ్రి. నాకు సెలవు దొరుకుతలేదు."

పదకొండూ నలభైకి కృపారాణి బండి పొలం దగ్గర ఆగింది. రోడ్డు నుంచి మిషన్ దాకా మోకాలి లోతు బురద. బండి దిగదు. మిషన్ డ్రైవర్ దేవీసింగ్ గట్టు మీద నిలబడి తల గోక్కున్నాడు.

"ఇద్దరం ఎట్ల మోస్తమక్కా? కాలు జారితే గేర్ బాక్సు బురదల పడతది. ఇగ దాన్ని మళ్ల కామారెడ్డికే తీస్కపోవాలె."

చిన్నవ్వ మోకాళ్లు చూపించి, తనను లెక్కలో వేయొద్దంది. మబ్బు ఇంకా నల్లబడింది. కృపారాణి గట్టు మీద నిలబడి ఆ బురదను చూసింది. ఇరవై నిమిషాల్లో ఈ సీజను ఆ బురదలో కలిసిపోతుంది. ఒక మంచం, ఒక మక్కల సంచి, ఒక మేక, ఒక చిన్నత్త. ఇంతేనా తన వ్యాపారం?

అప్పుడే ఎల్లారెడ్డి వైపు నుంచి ఒక ఆటో గట్టిగా హారన్ కొడుతూ వచ్చి ఆగింది. దాంట్లోంచి ఏడుపు వినిపించింది. ముందు సాలవ్వ దిగింది, తర్వాత మామ యాకూబు, దారిలో ఎక్కిన ఎస్తేర్, వాడకట్టు వాళ్లు ముగ్గురు, చివరకు ఆటో డ్రైవర్.

"ఓ నా కోడలా! కల్వర్టుల పడ్డవట గదనే!" అని సాలవ్వ ఆమెను కావలించుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది.

"పడలే అత్తమ్మా."

"ఎక్కడ తగిలింది బిడ్డా?" అన్నాడు యాకూబు.

"ఎక్కడా తగల్లే మామా! ఎవలు చెప్పిండ్రు మీకు?" అని అరిచి, మరుక్షణం కృపారాణి లెక్కపెట్టింది. ఏడుగురు. బండిలో మంచం. దాని మీద గేర్ బాక్సు, ఎక్కించిన తీరునే. "ఏడ్చుడు తర్వాత. ముందు మంచం పట్టుండ్రి!"

మంచం నాలుగు కోళ్ల దగ్గర నలుగురు నిలబడి దాన్ని భుజాల మీదికి ఎత్తారు. మిగతా వాళ్లు పక్కల పట్టుకున్నారు. సాలవ్వకు ఏడుపు అంత తొందరగా ఆగే అలవాటు లేదు. కళ్లు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ వెనక నడిచింది. రోడ్డు మీద పోతున్న ఒక పెద్దమనిషి మోటార్ సైకిల్ ఆపి, చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"ఎవలు పోయిండ్రు తమ్మీ?" అని ఆటో డ్రైవర్‌ను అడిగాడు.

"గేర్ బాక్సు," అన్నాడతను రొప్పుతూ.

పన్నెండుకు ఐదు నిమిషాల ముందు గేర్ బాక్సు చుక్క బురద అంటకుండా మిషన్ దగ్గర దిగింది. బండి దగ్గరికి తిరిగి వచ్చాక, కృపారాణి సిగ్నల్ కోసం బండి మీదికెక్కి నిలబడి దేవరాజ్‌కు ఫోన్ చేసింది. తిట్లకు సిద్ధంగా ఉంది.

"దేవీసింగ్ ఇప్పుడే ఫోన్ చేసిండు," అన్నాడు దేవరాజ్. గొంతులో గౌరవం ఉంది. "ఎనిమిది మందితోని పొలంల దాక మోసి దించినవట. దానికని మంచం సుత ముందే పెట్టుకున్నవ్! నాకు చెప్పొద్దా అమ్మా? ఒక్కదానివే అనుకున్న. అర్జెంటు లోడ్లు ఇగ నీకే."

రాత్రి భోజనాల దగ్గర ఇల్లంతా సంబరంగా ఉంది. చిన్నవ్వ ఉండిపోయింది. మేకపోతు వాకిట్లో ఉంది. బురద మంచం వద్దని ఎస్తేర్ అనడంతో దాన్ని ఇంటికే తెచ్చి, కడిగి గోడకు ఆనించారు.

"నా మంచం లేకుంటే ఏమయ్యేది?" అంది సాలవ్వ.

"నేను గ్రూపుల పెట్టకుంటే ఏమయ్యేది?" అన్నాడు సంపత్ ముద్ద కలుపుకుంటూ. "ఇగ దినాం పెడత."

"బండి అన్నంక నలుగురికి అక్కెరకు రావాలె," అన్నాడు యాకూబు. అందరూ తలలూపారు.

కృపారాణి పప్పు వడ్డించి, గిన్నె కింద పెట్టింది. సంపత్ ఫోను తీసుకుని కాసేపు ఏదో నొక్కి మళ్లీ అతని పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"మామా, అత్తమ్మా, చిన్నత్తా, అందరు ఇనుండ్రి. రేపటి సంది గ్రూపుల నా చుక్క ఉండది. ఆయన చుక్క ఉంటది. దినాం పొద్దున ఎనిమిదింటికి పోతడు, సాయంత్రం ఆరింటికి వస్తడు. ఎవలకు ఏది పంపేదున్నా ఆయనతోనే పంపుండ్రి. గ్రూపుల సుత రాసిన. ఎట్లాగూ పోతున్నడు గదా."

అంతలోనే సంపత్ ఫోను మోగింది. నులక మంచాన్ని మోటార్ సైకిల్ వెనక ఎట్లా కట్టాలో తన మొగనికి బాగా తెలుసని ఎస్తేర్ చెబుతోంది.