అమ్మ చేతి సూప్, అల్లుడి నాలుక

ఇంట్లో వండుకోవడం ఆరోగ్యానికి మంచిదేమో గానీ, ఉద్యోగానికి మాత్రం చేటు. నమ్మరా? అయితే మా వీధి నాలుకయ్య సంగతి వినండి.

ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. ప్యాకెట్ సూపుల ఫ్యాక్టరీలో రుచి చూడటం ఆయన ఉద్యోగం. చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, 'అచ్చం అమ్మ చేతి వంట' అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. పన్నెండేళ్లుగా ఒక్కనాడూ పెన్ను ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? ఇంట్లోనూ అవే ప్యాకెట్లు. ఆస్పత్రిలో నర్సయిన భార్యకు, డ్యూటీ దిగి వచ్చి కరెంటు కెటిల్‌లో కాచిన నీళ్లు పోయడమే వంట. పొయ్యి మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకునేవారు. ఎంత నాగరికమైన సంసారం!

అలాంటి ఇంటికి అత్తగారు దిగింది. వచ్చీ రాగానే ఇస్త్రీ బట్టలు తీసి మంచం మీద పడేసి, నాలుగు బంగాళాదుంపలు, రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్ తరిగి ఉడకేసింది. పైన ఉప్పు, మిరియాలు. అంతే.

ఆరేళ్ల మనవరాలు రుచి చూసి, "అమ్మమ్మా, ఇది ఏ కంపెనీది?" అంది.

"మన కంపెనీదేనే. తిను, చల్లారిపోతుంది."

నాలుకయ్య గిన్నె ఖాళీ చేశాడు. ఇన్నాళ్లూ తను సంతకం పెట్టిన మాటకు అర్థం ఇదా అనిపించింది. రెండో గిన్నె అడిగాడు. మూడోది అడగడానికి అల్లుడు కనక మొహమాటపడ్డాడు. ఆవిడ అడక్కుండానే పోసింది.

మర్నాడు ఫ్యాక్టరీలో చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెన్ను కదల్లేదు.

"ఏమైందయ్యా?" అన్నాడు మేనేజరు.

"బాగుంది సార్. కానీ అమ్మ చేతిది కాదు."

"పోనీ, పిన్ని చేతిదని వేయిద్దామా?"

"దీని మీద ఏ చెయ్యీ పడలేదు సార్."

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా? నిజం చెప్పు, ఇంట్లో వండుకుంటున్నారు కదూ?"

నాలుకయ్య తల దించుకుని ఒప్పుకున్నాడు. సాయంత్రానికల్లా అట్టపెట్టెలకు టేపు అంటించే విభాగానికి బదిలీ అయ్యాడు. చూశారా, నాలుగు దుంపలు ఎంత పని చేశాయో? అయినా మనిషికి బుద్ధి రాలేదు. రోజూ పని దిగగానే అత్తగారి పక్కన నిలబడి, వేళ్లు కోసుకుంటూ ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

ఆయన పాత కుర్చీ కోసం ఫ్యాక్టరీ గేటుకు ప్రకటన అంటించారు. అర్హత ఒక్కటే: ఇంటి వంట రుచి తెలిసి ఉండకూడదు.

అలాంటివాళ్లు దొరుకుతారో లేదోనని మేనేజరు బెంగపెట్టుకున్నాడట. పిచ్చివాడు. మా ఇంట్లోనే నలుగురం ఉన్నాం.